మందారం ఫోటోకి మార్కులెవరు వేయాలి?

కూచిపూడిలో విచ్చుకున్న తామరను చూపే అలపద్మ హస్తం నేర్చుకునే పిల్లను గురువు ‘బాగుంది’ అని వదిలేయరు. ఏ వేలు విచ్చుకోలేదో, చూపు ఎటు పోయిందో చెబుతారు. అదే ఊళ్లో పెరటి మందారాన్ని ఫోన్‌తో తీసి నలుగురికీ పంపితే మాత్రం ఒకటే మాట: ‘సూపర్’. వినడానికి హాయిగానే ఉంటుంది. రేపు కెమెరా ఎక్కడ పెట్టాలో మాత్రం తెలియదు.

1996లో అవ్రహామ్ క్లూగర్, ఏంజెలో డెనీసి అనే పరిశోధకులు, చేసిన పని మీద అభిప్రాయం చెప్పడం వల్ల ఏమవుతుందో తేల్చడానికి పాత అధ్యయనాల్లోని 607 ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. సగటున మేలే జరిగింది. కానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు తగ్గింది! మాట పని మీద నుంచి మనిషి మీదికి మళ్లేకొద్దీ ప్రయోజనం సన్నగిల్లుతుందని వాళ్ల వివరణ. తిట్టే కాదు, పొగడ్తా అంతే.

అందుకే మాట పువ్వు మీదే నిలవాలి. ఎర్ర మందారం ఫోటోలో చాలాసార్లు రేకులు ప్లాస్టిక్ ముక్కల్లా నున్నగా కనిపిస్తాయి. ఈనెలు, ముడతలు మాయమవుతాయి. కెమెరా సెన్సర్‌లో ప్రతి నాలుగు గడుల్లో రెండు ఆకుపచ్చను, ఒకటి ఎరుపును, ఒకటి నీలాన్ని పట్టుకుంటాయి. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ ఈ అమరికకు 1976లో పేటెంట్ పొందాడు. ఇలా ఒక్కో రంగునూ విడిగా కొలవడంతో, మిగతావి బాగానే ఉన్నా ఎరుపు ఒక్కటే నిండిపోవచ్చు. చుట్టూ ముదురు ఆకులుంటే, దృశ్యమంతా చీకటిగా ఉందనుకుని కెమెరా వెలుగు పెంచుతుంది. అప్పుడు రేకు మీది ఎరుపు, 0 నుంచి 255 దాకా ఉండే కొలతలో గరిష్ఠమైన 255ను తాకి అక్కడే ఆగిపోతుంది. ఈనె దగ్గరా 255, పక్కనా 255. ఇక తేడా ఎక్కడిది? ఆ ఫోటోలో పోయిన వివరం తర్వాత ఎంత దిద్దినా రాదు. తీసేటప్పుడే ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించాలి. రంగులవారీ హిస్టోగ్రామ్ చూపించే కెమెరా అయితే, ఎర్ర గీత కుడి అంచుకు గుద్దుకోవడం అక్కడికక్కడే కనిపిస్తుంది. మొహమాటం లేని విమర్శకుడంటే అదే.

ఫోకస్ సంగతి మరొకటి. మందారం నడిమి కాడ రేకుల్ని దాటి ముందుకు పొడుచుకొస్తుంది. దాని కొసన ఐదు ఎర్రటి బొడిపెలు, కిందుగా పసుపు పుప్పొడి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు మాక్రో లెన్సు పెట్టి, సెన్సర్ మీద అసలు సైజులో పడేలా తీస్తే ఎఫ్/8 దగ్గర కూడా స్పష్టంగా వచ్చే మందం సుమారు 1 మిల్లీమీటరే. బొడిపెలు కావాలో, రేకులు కావాలో ముందే తేల్చుకోవాలి.

ఎదుటివాళ్లని ‘ఎలా ఉంది?’ అనడిగితే మొహమాటమే జవాబు. ‘ముందు నీ కన్ను ఎక్కడ ఆగింది?’ అనడగండి. ‘వెనకాల తీగ మీద ఆరేసిన తెల్ల తుండు మీద’ అంటే పని తేలిపోయినట్టే: కన్ను వెలుగున్న చోటికి పోతుంది, మీరు రెండడుగులు పక్కకు జరగాలి. ఈ జవాబుకి ఫోటోగ్రఫీ తెలిసుండక్కర్లేదు. రోజూ పూజకు పూలు కోసే అమ్మమ్మ అయితే ఇంకా నయం. రేకు వడలిందని ఇట్టే పట్టేస్తుంది.

పోటీలకు పంపేవాళ్లకి ఒక్క హెచ్చరిక. చాలా అంతర్జాతీయ పోటీల్లో ‘ప్రకృతి’ విభాగపు నిర్వచనం పెంచిన మొక్కల్ని, మనుషులు సృష్టించిన సంకర రకాల్ని ఒప్పుకోదు. పెరటి మందారం ఎంత అందంగా వచ్చినా వేరే విభాగానికి పంపాల్సిందే. కాలవలో తనంతట తాను మొలిచిన కలువకు ఆ ఇబ్బంది లేదు.