తిరగరాస్తేనే స్క్రీన్‌ప్లే

సినిమా చూసి ఇంటికి వస్తూ, "కథ బాగానే ఉంది గానీ, మధ్యలో మరీ సాగదీశాడమ్మా" అని ఎప్పుడూ అనని వాళ్ళు మనలో ఎవరైనా ఉన్నారా? ఆ మాట అనగలిగినవాళ్ళకి స్క్రీన్‌ప్లే తిరగరాయడంలో సగం పని తెలిసినట్టే. చిక్కల్లా ఏమిటంటే, పరాయివాళ్ళ సినిమా మీద అంత చురుగ్గా పనిచేసే కన్ను, మనం రాసుకున్న కాగితాల దగ్గరికి వచ్చేసరికి మూతపడిపోతుంది.

ఈమధ్య ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళు కూడా పొట్టి సినిమాలకనీ, సీరియళ్ళకనీ స్క్రిప్టులు రాస్తున్నారు. సంతోషమే. కానీ మొదటి ప్రతి పూర్తయిందో లేదో ఎవరికో పంపేస్తారు. అది తిరిగొస్తే, "మనకి చేతకాదు" అనుకుని బీరువాలో చీరల కింద దాచేస్తారు. రెండూ తొందరపాటు పనులే. గురజాడ వారి 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. నాటకం రంగమెక్కింది, పుస్తకమూ వచ్చింది, ఇంకేం కావాలి? అయినా ఆయన దాన్ని దాదాపు కొత్త నాటకంలా తిరగరాసి 1909లో మళ్ళీ అచ్చువేశారు. మధురవాణి పాత్ర అంతగా పెరిగింది ఆ రెండో కూర్పులోనే. అంతటివారే తిరగరాశారు, మనమెంత చెప్పండి!

రాసిన వెంటనే మాత్రం దిద్దకండి. ఆవకాయ కలిపిన రోజునే ఉప్పు సరిపోయిందో లేదో తేలదు కదా, మూడోనాడు తిరగకలిపేటప్పుడు గదా తెలిసేది! స్క్రిప్టుకి మూడు రోజులు చాలవు, ఓ రెండు వారాలైనా పక్కన పెట్టండి. ఆ తరవాత కలం పట్టుకోకుండా, ఒకే బిగిని, మొదటినుంచి చివరిదాకా చదవండి. ఎక్కడ విసుగనిపించిందో ఆ పేజీ మూల మడవండి, అంతే.

ఆపైన సినిమావాళ్ళు వన్ లైన్ ఆర్డర్ అనేది ఒకటి తయారుచేసుకోవాలి. పేరు గొప్పగా ఉంది గానీ, అది చాకలిపద్దు లాంటిదే. ఒక్కో సన్నివేశానికి ఒక్కో వాక్యం: ఎక్కడ, ఎవరు, ఏం జరిగింది. ఈ "ఏం జరిగింది" దగ్గరే బండి ఆగుతుంది. "తల్లీ కూతుళ్ళు మాట్లాడుకున్నారు" అని తప్ప రాయడానికి ఏమీ దొరకలేదంటే, ఆ సన్నివేశంలో ఏమీ జరగలేదన్నమాట. దాన్ని తీసేయాలి, లేదా పక్కదానిలో కలిపేయాలి. తలుపు తీయడం, కుశల ప్రశ్నలు, కాఫీ ఇవ్వడం మన ఇళ్ళల్లో తప్పవు గానీ, తెరమీద వాటిని దాటేసి అసలు మాట దగ్గరే సన్నివేశం మొదలుపెట్టవచ్చును.

తీసేయడమంటే చాలామందికి ప్రాణం ఒప్పదు. 1957లో వచ్చిన 'మాయాబజార్' గుర్తుచేసుకోండి. పెళ్ళికొడుకు అభిమన్యుడు, అర్జునుడి కొడుకు. అయినా పాండవులు అయిదుగురిలో ఒక్కరూ తెరమీద కనిపించరు! కథ చూస్తున్నంతసేపూ ఆ లోటు మనకి తట్టదు. దర్శకుడు కె.వి. రెడ్డిగారు స్టాప్‌వాచీ పట్టుకుని సన్నివేశాల నిడివి ముందే లెక్క కట్టుకునేవారని ప్రసిద్ధి. మనమూ గోడగడియారం చూసుకుంటూ పైకి చదువుకోవచ్చు. చదువుతుంటే నాలుక తట్టుకునే మాట నటి నోట్లోనూ తట్టుకుంటుంది.

ఒక్కొక్కసారి తీయడం కాదు, చోటు మార్చడం అవసరం. 'పథేర్ పాంచాలీ' బెంగాలీ నవలలో ముసలావిడ ఇందిర్ కథ మొదట్లోనే, పెద్దవాళ్ళ మధ్య చనిపోతుంది. 1955లో సత్యజిత్ రాయ్ సినిమా తీసినప్పుడు ఆ చావుని వెనక్కి జరిపి, పిల్లలిద్దరి కళ్ళబడేటట్టు చేశారు. జరిగింది అదే చావు. చూసే కళ్ళు మారేసరికి దాని బరువు మారిపోయింది.

ఇక మాటల సంగతి. రేడియో నాటకం రాసేటప్పుడు మేము, "అదేమిటే, నీ చేతిలో ఆ ఉత్తరం?" అని ఎవరిచేతనైనా అనిపించి తీరాలి. వినేవాళ్ళకి ఉత్తరం కనబడదు కనక. స్క్రీన్‌ప్లేలో ఆ మాట దండగ. మన సినిమావాళ్ళలో కాగితానికి ఎడమవైపు జరిగేదీ, కుడివైపు మాటలూ రాసే అలవాటుంది. మీ స్క్రిప్టుని ఒక్కసారి అలా విడదీసి చూడండి. కుడివైపు నిండిపోయి ఎడమవైపు తెల్లగా ఉంటే, మీరు రాసింది రేడియో నాటకం! "ఆమె మనసులో ఎంతో కుమిలిపోయింది" లాంటి వాక్యాలు ఎడమవైపు ఉన్నా లాభం లేదు. కుమిలిపోవడాన్ని కెమెరా ఎలా తీస్తుంది?

నాకు తెలిసిన ఒకావిడ వాళ్ళ అమ్మగారి కథ రాసింది. తండ్రి పోయాక తల్లి జాకెట్లు కుట్టి సంసారం ఈదింది. కొడుకు కాలేజీ ఫీజు కోసం ఆ కుట్టుమిషను అమ్మేసింది. మొదటి ప్రతిలో ఆ తల్లి భర్త ఫొటో ముందు నిలబడి, పేజీన్నర పొడుగున తన త్యాగం గురించి చెప్పుకుంటుంది. చదివి నేను ఒకటే అడిగాను, "మిషను పట్టుకెళ్ళే రోజు మీ అమ్మగారు ఏం చేశారు?" అని. ఆవిడ కాసేపు ఆలోచించి, "నూనె వేసింది. పాత గుడ్డముక్క మీద నాలుగు కుట్లు వేసి చూసుకుంది. ఇంకా రెండు జాకెట్లు పూర్తికాలేదు, సాయంత్రం దాకా ఆగమని వచ్చినాయన్ని అడిగింది" అంది. ఇదంతా వదిలేసి ఫొటో ముందు ఉపన్యాసం ఎందుకమ్మా! రెండో ప్రతిలో ఫొటో పోయింది, నూనె డబ్బా వచ్చింది.

అంతటితో అయిపోలేదు. రెండో ప్రతిలో కూడా ఆ తల్లి దేవతలాగే ఉంది, ఎక్కడా మనిషిలా లేదు. "మీ అమ్మగారికి కోపం రాలేదా?" అన్నాను. చాలాసేపటికి జవాబొచ్చింది. ఆ తరవాత ఆర్నెల్లపాటు ఆవిడ ఇంట్లో సూది ముట్టలేదట. చిరిగిన బట్టలు, ఊడిన గుండీలు అన్నీ పదేళ్ళ ఈ కూతురే కుట్టేది. "రాస్తే అమ్మని తక్కువ చేసినట్టవుతుందని రాయలేదు" అంది. నా మటుకు నాకు అసలు కథ అక్కడే ఉందనిపించింది. తిరగరాయడమంటే వాక్యాలు నునుపు చేయడమేనని చాలామంది అనుకుంటారు. రాయకుండా దాటేసిన చోటుని వెతికి పట్టుకోవడమే ఎక్కువ కష్టం.

ఇంటి కథలు రాసేవాళ్ళకి ఇంకో చిక్కుంది. ఆ ఫీజు కట్టించుకున్న అన్నగారు ఉన్నారు, మనవలున్నారు. "వదిన చూస్తే ఏమంటుందో" అని ఆవిడ భయం. కొట్టిపారేయదగ్గ భయం కాదది. ఊరు మార్చవచ్చు, పేర్లు మార్చవచ్చు, కాలేజీ ఫీజుని ఉద్యోగానికి కట్టే డిపాజిట్టు చేయవచ్చు. కొడుకుని మరీ దుర్మార్గుణ్ణి చేయకుండా, ఆ డబ్బు ఎక్కడిదో తెలియని పద్దెనిమిదేళ్ళ కుర్రాడిగా ఉంచవచ్చు. ఆవిడ ఇవన్నీ చేసింది. ఆర్నెల్ల మౌనం మాత్రం మార్చవద్దన్నాను, ఆవిడా మార్చలేదు.

ఎన్నిసార్లు తిరగరాయాలని అడుగుతారు. దానికి లెక్కలేదు. మార్పులు చేస్తున్నకొద్దీ కథ వేరే అవుతున్నట్టు కాక, మాట అటూ ఇటూ జరుగుతున్నట్టు మాత్రమే అనిపిస్తే ఆపేయండి. పాత ప్రతులు పారేయకండి, తేదీ వేసి దాచండి. మొదటి ప్రతిలో కొట్టేసిన మాట మూడో ప్రతిలో అక్కరకొస్తుంది. చదవడానికి మాత్రం మిమ్మల్ని మెచ్చుకునే చెల్లెలికి కాకుండా, "ఇక్కడ నాకు అర్థం కాలేదు" అని మొహాన చెప్పే మనిషికి ఇవ్వండి.

కుట్టుమిషను కథ ఇప్పుడు నాలుగో ప్రతిలో ఉంది. మొదట నలభై పేజీలు, ఇప్పుడు ఇరవైరెండు. అన్నగారికి ఇంకా చూపించలేదు.