శ్రీహరికోటలో కనిపించని శిక్షణశాల

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి శ్రీహరికోటకు బయలుదేరే విద్యార్థి బృందాలకు దారి దూరమే అయినా తికమక లేనిది; ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషను, విజయనగరం, శ్రీహరికోటలోని అంతరిక్ష కేంద్రమైన షార్‌కు దిగవలసిన సూళ్లూరుపేట, మూడూ హౌరా–చెన్నై మార్గం మీదే ఉన్నాయి. తికమకంతా అక్కడ ఏం చూడవచ్చునన్న విషయంలోనే.

అంతరిక్ష కేంద్రమంటే వ్యోమగాములు సాధన చేసే చోటనే అపోహ బాగా పాతుకుపోయింది. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న పరిశోధన రాకెట్‌తో ప్రయోగాలు మొదలుపెట్టి, 2002లో సతీష్ ధావన్ పేరు పొందిన షార్ ప్రధానంగా ప్రయోగ వేదిక. ఘన ఇంధనం తయారీ, రాకెట్ భాగాల కూర్పు, ప్రయోగం, ఎగిరిన రాకెట్ గమనాన్ని రాడార్లతో కనిపెట్టడం అక్కడి పనులు. మనుషులను అంతరిక్షానికి పంపే ఇస్రో కార్యక్రమం గగన్‌యాన్‌కు ఎంపికైన ప్రశాంత్ బాలకృష్ణన్ నాయర్, అజిత్ కృష్ణన్, అంగద్ ప్రతాప్, శుభాంశు శుక్లా 2020 ఫిబ్రవరి నుంచి 2021 మార్చి వరకు మాస్కో సమీపంలోని గగారిన్ వ్యోమగామి శిక్షణ కేంద్రంలోను, తరువాత బెంగళూరులోని ఇస్రో శిక్షణ కేంద్రంలోను సాధన చేశారు. షార్‌లో 2019లో ప్రారంభమైన వీక్షణ గ్యాలరీ నుంచి, ముందుగా పేర్లు నమోదు చేసుకున్నవారు రాకెట్ ప్రయోగాన్ని కళ్లారా చూడవచ్చు. అది తక్కువ భాగ్యమేమీ కాదు.

శిక్షణ కేంద్రంలో మీట నొక్కితే మనుషులు గాలిలో తేలిపోయే గది ఉంటుందన్నది మరో నమ్మకం. భూమ్యాకర్షణను ఆపగల గది ప్రపంచంలో ఎక్కడా లేదు సరికదా, 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా ఆ ఆకర్షణ నేల మీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. వ్యోమనౌక, అందులోని మనిషి కలిసి భూమి చుట్టూ ఎడతెగకుండా పడుతూనే ఉండటం వల్ల బరువు తెలియదు, ఆ స్థితినే భారరహిత స్థితి అంటారు. దాన్ని నేల దగ్గర కల్పించాలంటే విమానాన్ని విల్లు వంపులో పైకి లేపి దించాలి, అప్పుడు ఒక్కో విడతకు దక్కేది 20 నుంచి 25 సెకన్లే. అమెరికాలోని హ్యూస్టన్‌లో 62 మీటర్ల పొడవు, 12 మీటర్ల లోతు గల కొలనులో, మునగకుండా తేలకుండా ఉండేలా బరువులు కట్టిన అంతరిక్ష దుస్తులతో వ్యోమగాములు గంటల తరబడి మరమ్మతు పనులు సాధన చేస్తారు. అయితే దుస్తులు నీటిలో నిలకడగా ఉన్నా లోపలి మనిషికి తన బరువు తెలుస్తూనే ఉంటుంది, తలకిందులైతే రక్తం తలలోకి దిగుతుంది.

విదేశీ కేంద్రంలో కొద్ది రోజులు గడిపి ధ్రువపత్రం తెచ్చుకున్నవారిని నాసా శిక్షణ పొందిన వ్యోమగాములుగా పొగడటం తెలుగు పత్రికలకు అలవాటైంది. ఉదాహరణకు 1982 నుంచి అమెరికాలోని హంట్స్‌విల్‌లో నడుస్తున్న స్పేస్ క్యాంప్ నాసా నియామక ప్రక్రియలో భాగం కాదు. అది రుసుము తీసుకుని పిల్లలకు, పెద్దలకు అంతరిక్షంపై ఆసక్తి కలిగించే విద్యా కార్యక్రమం. ఆ ఉత్సాహాన్ని తప్పుపట్టనక్కరలేదు గాని, లేని హోదాను అంటగట్టడం ఆ విద్యార్థులకే చేటు.

వ్యోమగాములు తిరిగి శ్రీహరికోటలోనే దిగుతారనుకోవడం కూడా సరికాదు. గగన్‌యాన్ మాడ్యూల్, అంటే వ్యోమగాములు కూర్చునే గది, పారాచూట్లతో సముద్రంలో దిగుతుంది. దాన్ని వెలికితీసే అభ్యాసం ఉత్తరాంధ్ర తీరంలోనే జరిగింది. 2023 జులైలో విశాఖపట్నం నౌకాదళ డాక్‌యార్డులోను, 2024 డిసెంబరు 6న విశాఖ తీరానికి ఆవలి సముద్రంలోను ఇస్రో, నౌకాదళం నమూనా మాడ్యూల్‌తో సాధన చేశాయి. ఈ రెండోసారి వాడిన నౌకకు లోపలే నీరు నింపగల రేవు ఉంటుంది. మాడ్యూల్‌ను అందులోకి లాగి నీటిని తోడేస్తే, వ్యోమగాములు అలల మీద ఊగిసలాడకుండా నౌక లోపలే బయటికి రాగలుగుతారు. ఈ జాగ్రత్త వృథా కాదు: 2023 అక్టోబరు 21న శ్రీహరికోట నుంచి జరిపిన మానవరహిత పరీక్షలో మాడ్యూల్ క్షేమంగా నీటిలో దిగినా తలకిందులైంది, నౌకాదళ గజ ఈతగాళ్లు వెళ్లి దాన్ని ఒడిసిపట్టవలసి వచ్చింది.