హబ్బర్డ్ బ్రూక్: చిన్న వాగు చెప్పే పెద్ద లెక్క

అక్టోబరు వచ్చిందంటే బోస్టన్, నాషువా చుట్టుపక్కల ఉన్న మన తెలుగు కుటుంబాలు చాలా వరకు కాంకమేగస్ హైవే దారి పడతాయి, ఆకుల రంగులు చూడటానికి. ఐ-93 మీద లింకన్ ఇంకాస్త దూరం ఉందనగా, ఎడమ వైపు అడవిలోంచి హబ్బర్డ్ బ్రూక్ అనే వాగు వచ్చి పెమిజివాసెట్ నదిలో కలుస్తుంది. చూడటానికి బండరాళ్ల మధ్య పారే మామూలు వాగే. కానీ ఇంత శ్రద్ధగా, ఇన్నేళ్లుగా లెక్కకట్టిన వాగులు ప్రపంచంలో అరుదు.

అది పారే లోయ గిన్నెలా ఉంటుంది. పై కొండలు 1000 మీటర్ల ఎత్తు దాకా ఉంటే, దిగువన సుమారు 220 మీటర్లు. హిమానీనదాలు వదిలిపోయిన రాళ్లు, మట్టి పైన ఉంటాయి. వాటి అడుగున గట్టి రాయి, నీరు లోతుకు పెద్దగా ఇంకదు. అంటే పైన ఎంత పడింది, వాగులో ఎంత బయటికొచ్చింది అని కొలిస్తే, మిగతాది చెట్లు తాగి ఆవిరిగా వదిలిందన్నమాట. మన నెల ఖర్చుల పుస్తకం లాంటిదే. 1955లో అమెరికా అటవీ శాఖ ఈ లోయను పరిశోధనకు కేటాయించింది. 1963లో జీన్ లైకెన్స్, హెర్బర్ట్ బోర్మన్, వారి సహచరులు నీటిలో ఏమేం కలిసి వస్తున్నాయో కూడా కొలవడం మొదలుపెట్టారు.

ఇక్కడ ఏడాదికి సుమారు 1400 మిల్లీమీటర్ల వాన, మంచు పడతాయి. మనకు ఊళ్లో వానాకాలమే ప్రధానం. ఇక్కడ అలా కాదు, ఏ నెల వాటా ఆ నెలది, దాదాపు సమానం. అయినా వాగు సమానంగా పారదు. చలికాలమంతా నీరు మంచుగా కొండ మీదే ఉండిపోతుంది. ఏడాది మొత్తం ప్రవాహంలో దాదాపు సగం మార్చి నుంచి మే లోపే వచ్చేస్తుంది. వేసవిలో వాన తగ్గకపోయినా మేపుల్, బర్చ్, బీచ్ చెట్లు తాగేయడంతో వాగు సన్నబడుతుంది. ఆకులు రాలాక మళ్లీ పెరుగుతుంది. నాకు బాగా నచ్చిన విషయం ఇదే, ఆకు రాలడం వాగులో కనిపిస్తుంది!

(మార్చిలో వెళ్లేవాళ్లకు ఒక మాట. వాగు పైన ఐస్ గట్టిగా కనిపించినా కింద పారే నీరు దాన్ని అరగదీస్తూ ఉంటుంది. పిల్లల్ని దాని మీద నడవనివ్వకండి.)

చెట్లు లేకపోతే ఏమవుతుందో కూడా చూశారు. 1965 చివర్లో ఒక పిల్లవాగు చుట్టూ ఉన్న అడవి మొత్తం నరికి, మూడేళ్లు మళ్లీ మొలవనివ్వలేదు. మొదటి ఏడాదే నీరు సుమారు 40 శాతం పెరిగింది. నీరు పెరిగితే మంచిదేగా అనిపిస్తుంది. కానీ తాగే వేళ్లు లేక మట్టిలోని నైట్రేట్ కొట్టుకొచ్చి, వాగులో తాగునీటి హద్దు దాటిపోయింది.

ఇక్కడి వాన కూడా వింతగానే తేలింది. పీహెచ్ 4 దగ్గర, అంటే మామూలు వాన కంటే ఎన్నో రెట్లు పులుపు. ఎక్కడో బొగ్గు మండించిన పొగ ఇక్కడ ఆమ్ల వర్షమై పడుతోందన్నమాట. 1990లో చట్టం బిగించాక వాన చాలా మెరుగుపడింది. మట్టి మాత్రం అంత త్వరగా కోలుకోలేదు, దశాబ్దాల పాటు కాల్షియం కొట్టుకుపోయింది మరి. 1999లో హెలికాప్టర్‌తో ఒక పిల్లవాగు పరివాహకంలో కాల్షియం ఖనిజం చల్లితే, అక్కడి షుగర్ మేపుల్ చెట్లు తేరుకున్నాయి.

ఇప్పుడు మన ఇళ్ల దగ్గరి సంగతి. లోయ చివర మిర్రర్ లేక్ అనే చెరువు ఉంది. పక్కనే ఐ-93 వేశాక, చలికాలంలో రోడ్డు మీద చల్లే ఉప్పు ఆ చెరువులోకి చేరి క్లోరైడ్ పెరిగింది. ఆ నీరే వాగులోకి, పెమిజివాసెట్‌లోకి, ఫ్రాంక్లిన్ దగ్గర మెరిమాక్‌లోకి వెళ్తుంది. మెరిమాక్ నీటినే లోవెల్, లారెన్స్ లాంటి ఊళ్లు శుద్ధి చేసి తాగుతున్నాయి. మామూలు శుద్ధిలో క్లోరైడ్ పోదు. డ్రైవ్‌వే మీద ముందు పారతో మంచు ఎత్తేస్తే, మిగిలిన ఐస్‌కు కొద్దిపాటి ఉప్పు చాలు. మైనస్ 9 డిగ్రీల కంటే చలి ఎక్కువైతే మామూలు ఉప్పు సరిగా పనిచేయదు. ఆ రోజు ఇసుక చల్లుకోవడమే నయం.