కళాకారుడు ఏ జాతి సొత్తు?

రాజధానిలో కళను గురించి మొదలైన చర్చ రాజకీయాలలో ముగియడం రివాజు. ఫలానా చిత్రకారుడు మనవాడా, కాడా అన్న ప్రశ్న ఇక్కడ తరచు వినబడుతూనే ఉంటుంది. ఈ ప్రశ్నను మనకంటె ముందుగా, మనకంటె తీవ్రంగా ఎదుర్కొన్నవారు యూదు చిత్రకారులు. వారి అనుభవం మన పాఠకులు తెలుసుకోదగినది.

విగ్రహారాధనను నిషేధించిన మతం వారిది. అయినప్పటికీ 19వ శతాబ్దంలో ఐరోపా కళాశాలల ద్వారాలు తెరుచుకోగానే యూదు యువకులు కుంచె పట్టారు. జర్మనీలో మోరిట్జ్ ఓపెన్‌హైమ్ యూదు గృహజీవితాన్నీ, పండుగలనూ చిత్రించాడు. మౌరిసీ గాట్లీబ్ 1878లో యోమ్ కిప్పూర్ నాటి ప్రార్థనను చిత్రించి, మరుసటి సంవత్సరమే 23 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

తరువాత కళపై జాతీయోద్యమం చేయి వేసింది. 1906లో బోరిస్ షాట్జ్ జెరూసలెంలో బెజలేల్ కళాశాలను స్థాపించాడు. బైబిల్ గాథలను ప్రాచ్య అలంకరణతో మేళవించి ఒక జాతీయ శైలిని సృష్టించాలన్నది ఆయన సంకల్పం. అవనీంద్రనాథ్ ఠాగూరు ‘భారతమాత’ను చిత్రించినది 1905లోనే అన్న సంగతి ఇక్కడ గమనార్హం.

అయితే శైలి ఆజ్ఞకు లొంగేది కాదు. రష్యా విప్లవానంతరం 1918లో మార్క్ షగాల్ తన స్వస్థలమైన వీటెబ్స్క్‌లో కళల కమిసార్ అయి, ఒక పాఠశాలను నెలకొల్పాడు. ఆయన పటాలలో మేకలు, ఫిడేలు వాద్యకారులు ఇళ్లకప్పుల మీద తేలుతుంటారు. అదే పాఠశాలలో బోధించిన ఎల్ లిసిట్జ్‌కీ త్రికోణాలు, వృత్తాలతో విప్లవ పోస్టర్లు వేశాడు. ఇద్దరూ యూదులే, శైలులకు మాత్రం పొంతన లేదు. పారిస్ చేరిన సూటిన్, మోదిల్యానీ ఎవరి దారి వారిదన్నట్లు సాగారు.

ఈ వైవిధ్యాన్ని నాజీలు ఒకే ముద్రతో చెరిపివేయజూశారు. 1937లో మ్యూనిక్‌లో ‘పతనకళ’ పేరుతో వారు జరిపిన ప్రదర్శనలో 112 మంది కళాకారుల కృతులుండగా, యూదులు ఆరుగురే. అయినా ఆధునిక కళ యావత్తూ యూదుల కుట్రేనని ప్రచారం సాగింది. చిత్రకారుడు ఫెలిక్స్ నుస్‌బామ్‌ను 1944లో ఆష్‌విట్జ్‌లో బలిగొన్నారు.

నాజీల బారినుండి తప్పుకొని బొంబాయి చేరిన రూడీ ఫాన్ లైడెన్, ఇమాన్యుయేల్ ష్లెసింగర్ వంటివారు 1947 నాటి ప్రోగ్రెసివ్ చిత్రకారులకు అండగా నిలిచారు. జైపూర్ హౌస్‌లో ఆ చిత్రకారుల పటాలు చూసినప్పుడల్లా నాకీ రుణం గుర్తుకు వస్తుంది. మన చిత్తూరు జిల్లా బిడ్డ కృష్ణారెడ్డి పారిస్‌లో శిల్పం అభ్యసించినది వీటెబ్స్క్‌లో పుట్టిన జాడ్‌కిన్ వద్దనే.

యూదు కళ అనేది ఉన్నదా అని 1966లో అమెరికన్ విమర్శకుడు హెరాల్డ్ రోజెన్‌బర్గ్ ప్రశ్నించుకున్నాడు. ప్రత్యేక యూదు శైలి అంటూ లేదనీ, తానెవరన్న అన్వేషణే ఆ చిత్రకారులను కలిపిన సూత్రమనీ ఆయన తేల్చిన సారాంశం. నాకిది సమంజసంగా తోస్తున్నది.

హిట్లర్ జర్మనీతో మన ప్రజాస్వామ్యాన్ని పోల్చడం నా ఉద్దేశం కాదు. కాని ఆ ప్రోగ్రెసివ్ బృందంలోనివాడైన హుసేన్ 2006లో దేశం విడిచి, 2011లో లండన్‌లో మరణించిన వాస్తవాన్ని విస్మరించలేము. కళాకారుని శైలిని రాజ్యం నిర్ణయించలేదు. అతడు ఎవరివాడో గుంపు నిర్ణయించకుండా కాపాడడం మాత్రం రాజ్యం బాధ్యతే.