‘అబౌట్ ష్మిట్’ – ప్రేక్షకుల యభిప్రాయభేదము

2002లో అమెరికాలో వెలువడిన ‘అబౌట్ ష్మిట్’ అను చలనచిత్రమును గూర్చి ప్రేక్షకులు రెండు పక్షములైరి. అలెగ్జాండర్ పేయిన్ దర్శకుఁడు. ష్మిట్టుగా జాక్ నికల్సన్ నటించెను.

ష్మిట్ ఒమాహా నగరమున బీమా సంస్థలో చిరకాలము పనిచేసి, 66వ యేఁట విరమించును. కొలఁదినాళ్లకే భార్య హెలెన్ హఠాత్తుగా మరణించును. ఇల్లు చిందరవందరయగును. తాను నెలకు 22 డాలర్లు పంపు టాంజానియా బాలునికి లేఖలలో గోడు వెళ్లఁబోసికొనుచు, కుమార్తె వివాహమును మాన్పఁదలఁచి డెన్వరునకుఁ బోవును, మాన్పలేఁడు.

కథ నత్తనడక నడచినది, నవ్వింపక దిగులు పెట్టినది యని కొందఱు. పింఛనుదారుని దినము లట్లే గడచును గదా యని కొందఱు. మాకు రెండవ పక్షమే సమంజసముగాఁ దోఁచుచున్నది. 42 సంవత్సరములు ప్రక్కనున్న యిల్లాలి యలవాట్లకు విసుగుకొన్న పురుషునికి, ఆమె లేని యింట గడియ యొక యుగమగును. పరుగులు తీయు కథ యీ శూన్యమును జూపఁజాలదు.

కాని హెలెన్ మనసులో నేమున్నదో చిత్రము చాలవఱకుఁ జెప్పకుండుట లోపమే. పురుషునికి విరమణదినము గలదు. గృహిణి కది యెన్నఁడు? కావున దంపతులు ఒకరి పని నొకరు, ఒకరి మనసు నొకరు ముందుగానే యెఱిఁగియుండుట మేలు. పోయినపిమ్మట నెఱిఁగి ప్రయోజనమేమి?