హెచ్.ఎం.టి. వరిని మనకిచ్చిన రైతు - దాదాజీ ఖోబ్రగడే

పండుగనాడు మీ యింట వండిన సన్నబియ్యము హెచ్.ఎం.టి. రకమే కావచ్చును. తెలంగాణ జిల్లాలలో ఈ పేరు ఎరుగని రైస్ మిల్లు గాని, బియ్యపు అంగడి గాని అరుదు. ఇది ఎక్కడిదని గ్రామములలో అడిగినప్పుడు కొందరు గడియారముల కంపెనీవారు తయారు చేసినదందురు, మరికొందరు ఏదో పరిశోధనా కేంద్రము పేరు చెప్పుదురు. దానిని మనకు దక్కించినది మూడవ తరగతి వరకే చదువుకొన్న ఒక చిన్నరైతని తెలిసినవారు కొద్దిమందియే.

ఆయన పేరు దాదాజీ రామాజీ ఖోబ్రగడే. ఊరు మహారాష్ట్రములోని చంద్రపూర్ జిల్లా, నాగ్‌భీడ్ తాలూకాలోని నాందేడ్ గ్రామము. గోదావరి ఒడ్డున గురుద్వారా ఉన్న నాందేడ్ పట్టణము వేరు, ఈ పల్లె వేరు. చంద్రపూర్‌ను మన పెద్దలు చాందా అనెడివారు. అది మన ఆదిలాబాదు సీమకు సరిహద్దు జిల్లాయే.

1983లో ఆయన పొలములో పటేల్-3 అను రకము వేసియుండెను. పైరు పండు సమయమున గట్టు వెంట నడచుచుండగా, తక్కిన పైరుకు భిన్నమైన పసుపు రంగు గింజలు గల మూడు వెన్నులు ఆయన కంటబడినవి. ఇట్టివి మన పొలములలోనూ కనిపించును. బెరకని పీకి గట్టుమీద పారవేయుదుము, లేదా అన్నిటితోపాటు కోసి కుప్ప వేయుదుము. విత్తనపు మడిలో బెరకు తీయుమని చెప్పునది మా శాఖవారమే. అది సరియైన సలహాయే. కాని పీకిన బెరకును ఒకసారి చేతబట్టి చూడుమని చెప్పినవారము తక్కువ. దాదాజీ ఆ మూడు వెన్నులను కోసి, విడిగా ఒక సంచిలో దాచినారు. మరుసటి ఏడు పొలము నడుమ కొద్ది జాగాలో విత్తి, అడవి పందులు చొరకుండ చుట్టూ ముండ్లకంప నాటినారు. ఆ పిడికెడు గింజలకు అంత కాపలా!

ఏటేట వచ్చిన గింజలలో మంచివి ఏరి మరల విత్తుచు పోయినారు. కొన్ని సంవత్సరములకు విత్తనము నిలుకడకు వచ్చినది. గింజ పటేల్-3 కంటె సన్నము, అన్నము రుచి, వాసన మేలు. హెక్టారుకు 40 నుండి 45 క్వింటాళ్ళ దిగుబడి. చుట్టుపట్ల రైతులు విత్తనము కొనిపోయి వేసినారు. 1990 ప్రాంతమున ధాన్యము అంగడికి వచ్చినప్పుడు దానికి పేరు లేదు. పెండ్లికుమారునికి అత్తవారు హెచ్.ఎం.టి. చేతిగడియారము పెట్టుట గొప్పగా ఉన్న రోజులవి. వర్తకులు ఆ పేరే ధాన్యమునకు పెట్టినారు. పండించినవాని పేరు ఎవరికిని తోచలేదు.

అట్టి వెన్ను మీ కంటబడినచో ఏమి చేయవలెనో చెప్పెదను. మొదట మొక్కకు తెగులు గాని, పోషక లోపము గాని లేదని చూచుకొనుడు. తెగులువల్ల వచ్చిన రంగు మరుసటి పంటకు రాదు. ఒక్కొక్క వెన్నును విడిగా నూర్చి, తేమ నూటికి 13 పాళ్ళకు మించకుండ ఆరబెట్టి, వేరు వేరు సంచులలో ఉంచవలెను. నాటునప్పుడు ఒక్కొక్క వెన్ను నారును ఒక్కొక్క వరుసగా, కుదురునకు ఒక్క మొక్క చొప్పున నాటి, ఇతర వరికి 3 మీటర్ల ఎడము విడువవలెను. వరి చాల వరకు తన పుప్పొడితోనే గింజ కట్టును గనుక, వరుస అంతయు ఒకే తీరున వచ్చినచో విత్తనము నిలిచినదన్నమాట. వరుసలో పొట్టివి, పొడుగువి కలసి వచ్చినచో అది సంకరము. మరి నాలుగైదు పంటలు ఏరవలసియుండును. ప్రతి ఏడు తేదీ, దిగుబడి, గింజ తీరు నోటుపుస్తకములో వ్రాయుడు. ఈ వ్రాత పని విసుగని తెలియును, కాని దాని విలువ దాదాజీకి జరిగినది చూచిన బోధపడును.

1994లో ఒక వ్యవసాయ విశ్వవిద్యాలయము వారు పరిశోధన నిమిత్తము ఆయన వద్దనుండి 5 కిలోల విత్తనము తీసికొనిపోయినారు. 1998లో ఆ రకము విశ్వవిద్యాలయపు పేరుతో విడుదలయైనది. విత్తనమును తాము శుద్ధి చేసితిమని వారి వాదన. శుద్ధి చేయుట శ్రమయే, కాదనను. కాని మూడు వెన్నులను గుర్తించినవాని పేరు ఆ పక్కన వ్రాయుటకు ఖర్చేమున్నది? అప్పటికి రైతును కాపాడు చట్టము లేదు. 2001లో మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము వచ్చినది. నేడు రైతు తాను రూపొందించిన రకమును తన పేర రిజిస్టరు చేయించుకొనవచ్చును. అందుకు రుసుము లేదు. దరఖాస్తు విషయము కృషి విజ్ఞాన కేంద్రములో అడిగి తెలిసికొనుడు. అంతకు ముందు ఎవరికైనను, మా శాఖవారికైనను సరే, విత్తనము ఇచ్చునప్పుడు రశీదు తీసికొనుడు.

దాదాజీ హెచ్.ఎం.టి.తో ఆగలేదు. నాందేడ్ హీరా, విజయ్ నాందేడ్, డి.ఆర్.కె. మొదలైన మరికొన్ని రకములను తీసినారు. డి.ఆర్.కె. ఆయన పేరులోని అక్షరములే. ఈసారి పేరు పెట్టుట వర్తకులకు విడువలేదు!

ఇంటి సంగతి వేరు. కుమారునికి సికిల్‌సెల్ రక్తవ్యాధి. వైద్యమునకై ఉన్న నేల అమ్మివేసినారు. రైతునకు నేల అమ్ముట యెట్టిదో మీకు నేను చెప్పనక్కరలేదు. తరువాత బంధువులు ఇచ్చిన ఎకరమున్నర నేలలోనే ఆయన సేద్యము, పరిశోధన రెండును సాగినవి. పంట పోయినను ఇల్లు గడువవలెను. అయినను ఆ కొద్ది నేలలోనే కొంత జాగా విత్తనపు వరుసలకు విడిచినారు.

2005 జనవరిలో రాష్ట్రపతి అబ్దుల్ కలాంగారి చేతులమీదుగా జాతీయ పురస్కారము అందుకొన్నారు. 2010లో ఫోర్బ్స్ పత్రిక భారతదేశపు గ్రామీణ ప్రతిభావంతులు ఏడుగురిలో ఆయనను చేర్చినది. సన్మానములు వచ్చినవి గాని ఇంటి ఇబ్బంది తీరలేదు. బహుమతిగా వచ్చిన బంగారు పతకమును అవసరమునకు అమ్మబోగా, అది మేలిమి బంగారము కాదని తేలినట్లు పత్రికలలో వచ్చినది.

చివరి రోజులలో పక్షవాతముతో మంచము పట్టినారు. ఎనిమిది పదులకు చేరువలో, 2018 జూన్ 3వ తేదీన గడ్చిరోలి జిల్లాలోని ఆసుపత్రిలో కన్నుమూసినారు. తొలకరి కొరకు ఎదురు చూచుచు, ఆ సీమ రైతులు నారుమళ్ళకు విత్తనములు సిద్ధము చేసికొను రోజులవి.