సౌండ్ రికార్డింగ్ చదువు: తల్లిదండ్రులు, దాతలు తెలుసుకోవలసిన సంగతులు

ఉపకారవేతనం కోసం దరఖాస్తు పెట్టుకునే పిల్లలు ఇంజనీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, బీఈడీ, ఐటీఐ అని రాయడం మనకు అలవాటు. ఈ మధ్య కొందరు ‘సౌండ్ ఇంజనీరింగ్’, ‘ఆడియో రికార్డింగ్’ అని రాస్తున్నారు. ఫోనులో వీడియోలు తీసి, వాటికి శబ్దం జోడించి, కోసి, అతికించి నేర్చుకున్న తరం ఇది. ఇలాంటి దరఖాస్తు ముందుకు వచ్చినప్పుడు పెద్దలకు రెండు సందేహాలు కలుగుతాయి. ఇది నిజంగా చదువేనా? దీన్ని నమ్ముకుంటే రేపు ఇల్లు గడుస్తుందా? రెండూ అడగవలసిన ప్రశ్నలే. మనం ఇచ్చే సొమ్ము ఎవరో కష్టపడి సంపాదించి నమ్మకంతో మన చేతిలో పెట్టినది కనుక తొందరపడి అవుననీ కాదనీ అనకూడదు.

ముప్పై ఏళ్ళుగా బడిలో పాఠాలు చెబుతున్న అనుభవంతోను, ఈ దారిలో వెళ్ళిన పిల్లలకు సలహా ఇవ్వడానికి సేకరించుకున్న సమాచారంతోను ఈ వ్యాసం రాస్తున్నాను. ముందుగా ముఖ్యమైన మాట చెబుతాను. ఈ రంగంలో లక్షల ఫీజు కట్టి చేరే కోర్సు కంటే, పదో తరగతి కాగానే తీసుకునే ఒక చిన్న నిర్ణయం ఎక్కువ విలువైనది. ఆ సంగతి తెలియక చాలామందికి మంచి దారులు ముందే మూసుకుపోతున్నాయి.

ఈ రంగంలో ఉన్న పనులు

రికార్డింగ్ అనగానే అందరికీ సినిమా పాట గుర్తుకొస్తుంది. అది ఈ రంగంలో ఒక భాగం మాత్రమే. షూటింగ్ జరిగే చోట నటుల మాటలను పట్టుకునేవారు వేరు. స్టూడియోలో డబ్బింగ్ రికార్డు చేసేవారు వేరు. అడుగుల చప్పుడు, తలుపు శబ్దం, గాజుల గలగల వంటివాటిని విడిగా సృష్టించి చేర్చేవారు ఉంటారు. వారిని ఫోలీ కళాకారులు అంటారు. అన్నిటినీ కలిపి ఏది ఎంత వినిపించాలో తేల్చేవారు మిక్సింగ్ ఇంజనీర్లు.

సినిమా బయట కూడా పని ఉంది. టీవీ చానళ్ళకు, రేడియోకు, వార్తా సంస్థలకు శబ్దం చూసుకునే మనుషులు కావాలి. ఆన్‌లైన్ పాఠాలు, శ్రవణ పుస్తకాలు, ప్రకటనలు, ఇతర భాషల కార్యక్రమాలకు తెలుగు డబ్బింగ్ ఇవన్నీ రికార్డింగ్ పనులే. సభలకు, సమావేశాలకు మైక్‌సెట్ నడిపే పనిని ఇప్పుడు లైవ్ సౌండ్ అంటున్నారు. ఆడిటోరియాలు, షాదీఖానాలు, ఆసుపత్రులు, రైల్వేస్టేషన్లలో సౌండ్ సిస్టమ్ అమర్చడం మరో పని. కాబట్టి దరఖాస్తుదారుణ్ణి మొదట అడగవలసింది, “వీటిలో నీకు ఏది ఇష్టం?” అని. ఏదో ఒకటైనా చెప్పగలిగాడంటే అతడు కొంత ఆలోచించి వచ్చాడని అర్థం.

ఫిజిక్స్ ఎందుకు కావాలి?

శబ్దం అంటే గాలిలో కదలిక. ఆ కదలికను మైకు చాలా చిన్న విద్యుత్తుగా మారుస్తుంది. దాన్ని పెంచి, అంకెలుగా మార్చి, కంప్యూటర్‌లో దాస్తారు. వీడియో పనిలో సాధారణంగా సెకనుకు 48,000 సార్లు ఆ విద్యుత్తును కొలుస్తారు. మనిషి చెవి వినగలిగే శబ్దాలు సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు ఉంటాయి. అందులో అత్యధిక శబ్దాన్ని నమోదు చేయాలంటే కనీసం రెండింతలు, అంటే 40,000 కంటే ఎక్కువసార్లు కొలవాలి. ఇది పిల్లలు కంఠస్థం చేయవలసిన అంకె కాదు, లెక్కతో అర్థం చేసుకోవలసిన విషయం.

మనందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. పెద్ద హాలులో నాలుగు గోడలూ నున్నగా, నేల రాయితో, పైకప్పు ఎత్తుగా ఉంటే మాట గింగురుమంటుంది. వెనుక వరుసలో కూర్చున్నవారికి ఉపన్యాసం వినిపిస్తుంది కానీ అర్థం కాదు. అప్పుడు మైక్‌సెట్ అబ్బాయి సౌండు పెంచుతాడు. దాంతో గోడల మీద నుంచి తిరిగొచ్చే ధ్వని కూడా పెరుగుతుంది, మైకు కూత పెడుతుంది. శాస్త్రం తెలిసినవాడు సౌండు పెంచడు. చిన్న స్పీకర్లను వినేవారికి దగ్గరగా పెడతాడు, మైకును నోటికి దగ్గరగా జరుపుతాడు, గోడలకు మెత్తటి తెరలు వేయిస్తాడు. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపయితే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుందని అతనికి తెలుసు. సామాను ఇద్దరి దగ్గరా ఒకటే అయినా ఫలితం వేరు.

పదో తరగతి తర్వాత

పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఈ చదువుకు దేశంలో పేరున్న ప్రభుత్వ సంస్థలు. మొదటిది 1960లో, రెండవది 1995లో ఏర్పడ్డాయి. రెండూ కేంద్ర సమాచార ప్రసార శాఖ కింద పని చేస్తాయి. వీటిలో సౌండ్ విభాగం డిగ్రీ తర్వాత చేరే మూడేళ్ళ కోర్సు. డిగ్రీ ఏ సబ్జెక్టులోనైనా ఉండవచ్చు. అయితే ఇంటర్మీడియట్ స్థాయిలో ఫిజిక్స్ చదివి ఉండాలని నిబంధన పెడుతూ వచ్చారు.

చాలామందికి తెలియని సంగతి ఇదే. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నవారికీ, బైపీసీ తీసుకున్నవారికీ ఫిజిక్స్ ఉంటుంది. సీఈసీ, ఎంఈసీ, హెచ్‌ఈసీ తీసుకున్నవారికి ఉండదు. “ఎలాగూ సౌండు పనే కదా, ఏ గ్రూపయితే ఏముంది” అని తేలిక గ్రూపులో చేరిన పిల్లవాడు అయిదేళ్ళ తర్వాత డిగ్రీ పట్టాతో వచ్చినా ఆ గుమ్మం ముందు ఆగిపోతాడు. అందుకే ఈ వైపు ఆసక్తి ఉన్న పిల్లలకు ఎంపీసీ మేలు. లెక్కలు బొత్తిగా రాకపోతే బైపీసీ అయినా ఫరవాలేదు.

పాలీసెట్ రాసి ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ డిప్లొమాలో చేరడం మరో దారి. మూడేళ్ళ తర్వాత ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. సౌండ్ సిస్టమ్‌లు అమర్చే పనికి, టీవీ కేంద్రాల సాంకేతిక విభాగాలకు ఈ చదువు బాగా పనికొస్తుంది. సినిమా దారి కలిసిరాకపోయినా బతుకుతెరువు ఉంటుంది కాబట్టి దిగువ మధ్యతరగతి కుటుంబాలకు ఇది నిబ్బరమైన దారి. అయితే పైన చెప్పిన ఫిజిక్స్ నిబంధన డిప్లొమా వారికి ఎలా వర్తిస్తుందో ఆ సంస్థలకు ముందే రాసి తెలుసుకోవాలి.

దక్షిణాదిలో చెన్నైలోని ఎంజీఆర్ ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరు శివార్లలో హెసరఘట్ట దగ్గరి ప్రభుత్వ సంస్థ, కేరళలో కొట్టాయం జిల్లాలోని కె.ఆర్. నారాయణన్ సంస్థ కూడా ఈ విద్య నేర్పుతున్నాయి. ఇవి ఆయా రాష్ట్ర ప్రభుత్వాలవి. ఇతర రాష్ట్రాల పిల్లలకు సీట్లు ఉన్నాయా, ఎన్ని ఉన్నాయి అన్నది ఆ ఏటి ప్రకటనలో చూసుకోవాలి.

ఒక ఉదాహరణ

రసూల్ పూకుట్టి పేరు మనలో చాలామంది విన్నారు. కేరళలో కొల్లం జిల్లాలోని చిన్న పల్లెలో పుట్టారు. ఫిజిక్స్‌లో బీఎస్సీ చేశారు, ఆ తర్వాత పుణె సంస్థలో సౌండ్ చదివి 1995లో బయటికి వచ్చారు. ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ చిత్రానికి 2009లో మరో ఇద్దరితో కలిసి ఆస్కార్ అందుకున్నారు. బహుమతి గురించి అందరూ చెబుతారు. మన పిల్లలు గమనించవలసింది మధ్యలోని సంవత్సరాలను. చదువు ముగిశాక పదేళ్ళకు, 2005లో వచ్చిన ‘బ్లాక్’ చిత్రంతో ఆయనకు పెద్ద గుర్తింపు వచ్చింది. ఫిజిక్స్ పునాది, ప్రభుత్వ సంస్థలో శిక్షణ, పదేళ్ళ ఓపిక, ఈ మూడూ ఆ ప్రయాణంలో ఉన్నాయి.

ప్రైవేటు కోర్సులో చేరే ముందు

పెద్ద నగరాల్లో ప్రైవేటు కోర్సులు చాలా వచ్చాయి. కొన్ని మంచివి, కొన్ని గోడ మీద మెరిసే బొమ్మలకే పరిమితం. ఫీజులు లక్షల్లో ఉంటాయి. డబ్బు కట్టే ముందు తండ్రో అన్నో స్వయంగా వెళ్ళి ఈ ప్రశ్నలు అడగాలి.

సర్టిఫికెట్ ఇచ్చేది ఏ విశ్వవిద్యాలయం, లేక ఆ సంస్థ తనంతట తానే ఇస్తుందా? ఒక్కో విద్యార్థికి వారానికి ఎన్ని గంటలు స్టూడియో దొరుకుతుంది? ఒక మిక్సర్ ముందు ఎంతమంది నిలబడతారు? పాఠం చెప్పేవారు ఇప్పుడు ఈ రంగంలో పని చేస్తున్నారా? గత రెండేళ్ళలో చదివినవారిలో ఇద్దరు ముగ్గురితో మాట్లాడనిస్తారా? మధ్యలో మానేస్తే ఫీజులో ఎంత తిరిగి ఇస్తారు, అది రాతపూర్వకంగా ఉందా? “నూరు శాతం ఉద్యోగం” అని చెప్పేవారి దగ్గర మరింత జాగ్రత్తగా ఉండాలి. ఈ రంగంలో చాలా పని రోజుకూలీ లెక్కన, సినిమా లెక్కన జరుగుతుంది. నూరు శాతం హామీ ఎవరూ ఇవ్వలేరు.

ముందు ఇంట్లో ఆరు నెలలు

ఆసక్తి నిజమా, మోజా అన్నది తేల్చుకోవడానికి లక్షలు అక్కర్లేదు. మామూలు కంప్యూటర్, ఒక మంచి హెడ్‌ఫోన్, యూఎస్‌బీ మైకు ఉంటే చాలు. ‘ఆడాసిటీ’ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ‘డావిన్చి రిజాల్వ్’ ఉచిత వెర్షన్‌లో కూడా ఆడియో పని నేర్చుకోవచ్చు. స్టూడియోల్లో ఎక్కువగా వాడే ‘ప్రో టూల్స్’ తర్వాత నేర్చుకుంటే సరిపోతుంది.

పిల్లవాడికి మూడు పనులు అప్పగించండి. ఇంట్లో పెద్దవాళ్ళ జ్ఞాపకాలు పది నిమిషాలు స్పష్టంగా రికార్డు చేయాలి. ఒక పాఠ్యాంశాన్ని చదివి, తప్పులు తీసేసి, ఎక్కడ అతికించాడో తెలియకుండా తయారు చేయాలి. బజారు, వాన, వంటిల్లు శబ్దాలను పట్టుకుని మాటల్లేకుండా ఒక నిమిషం కథ చెప్పాలి. ఆరు నెలల్లో ఈ మూడూ చేసి చూపినవాడికి ఆసక్తి ఉన్నట్టే. సగంలో వదిలేసినవాడు లక్షలు కట్టాక వదిలేయడం కంటే ఇప్పుడే వదిలేయడం మంచిది. దగ్గరలోని మైక్‌సెట్ షాపులో సెలవుల్లో పని చేయడం కూడా గొప్ప శిక్షణ. వైరు చుట్టడం, టంకం వేయడం, సభ మొదలయ్యే ముందు ప్రతి మైకూ పరీక్షించడం అక్కడ వస్తాయి.

చెవి సంగతి మరవకూడదు. ఈ వృత్తికి చెవే పెట్టుబడి. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటల కంటే ఎక్కువ ఉండకూడదని నిపుణుల సూచన. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడు ఆ సమయం సగానికి తగ్గుతుంది. అంటే 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు. రాత్రంతా హెడ్‌ఫోన్‌లో గట్టిగా వింటూ సౌండ్ ఇంజనీర్ కావాలనుకోవడం కుదరదు.

పెద్దల సందేహాలు

“మన ఇంట్లోవాళ్ళు సినిమాలకు పని చేయడమా?” అని కొందరు పెద్దలు అడుగుతారు. ఏ పని చేయాలి, ఏది వద్దు అన్నది ఆ కుటుంబం, ఆ పిల్లవాడు తమ మనస్సాక్షి ప్రకారం తేల్చుకోవలసిన విషయం. విద్య మాత్రం ఒకటే. అదే చేతులతో ఖిరాఅత్ రికార్డు చేయవచ్చు, అంధ విద్యార్థులకు పాఠ్యపుస్తకాలు చదివించి ఇవ్వవచ్చు, వార్తా చానల్‌లో పని చేయవచ్చు, ఆడిటోరియాలకు సౌండ్ అమర్చవచ్చు.

ఆడపిల్లల గురించి కూడా అడుగుతారు. షూటింగులు, లైవ్ కార్యక్రమాలు రాత్రిళ్ళు సాగుతాయన్నది నిజమే. అయితే ఎడిటింగ్, డబ్బింగ్ రికార్డింగ్, శ్రవణ పుస్తకాల తయారీ పగటి వేళ, కొన్నిసార్లు ఇంటి నుంచే చేయగలిగినవి. ఓర్పుగా వినే గుణం ఉన్న అమ్మాయికి ఇది బాగా నప్పే పని.

ఆదాయం మొదటి మూడు నాలుగేళ్ళు ఒడిదుడుకులుగా ఉంటుంది. సహాయకుడిగా చేరి, తక్కువ డబ్బుకు ఎక్కువ గంటలు పని చేయాలి. తెలుగు సినిమాలో నిలకడగా పని చేయాలంటే సంబంధిత యూనియన్ సభ్యత్వం కావాలి, దానికి రుసుము ఉంటుంది. ఇంటి భారమంతా వెంటనే మోయవలసిన పిల్లవాడికి ముందు డిప్లొమాతో ఉద్యోగం, తర్వాత ఈ రంగం అన్న వరుస మంచిది.

దాతల సొమ్ము ఎక్కడ ఎక్కువ పనికొస్తుంది?

నా సూచన ఇది. మొదటి దరఖాస్తుకే పెద్ద ఫీజు మంజూరు చేయనవసరం లేదు. పదో తరగతి పిల్లవాడయితే ఇంటర్ ఎంపీసీ ఫీజుకు సాయం చేయండి, ఏ గ్రూపు తీసుకోవాలో కూడా చెప్పండి. ఇంటర్ లేదా డిగ్రీలో ఉన్నవాడయితే హెడ్‌ఫోన్, మైకు కొనివ్వండి, ఆరు నెలల తర్వాత పని చూపమనండి. నలుగురు పిల్లలు వంతులవారీగా వాడుకునేలా ఆ సామాను సంస్థ ఆఫీసులోనే ఉంచినా మంచిదే. డిగ్రీ పూర్తయినవాడికి ప్రవేశ పరీక్ష రుసుము, పరీక్షకూ ఇంటర్వ్యూకూ వెళ్ళే రైలు ఛార్జీలు, బస ఖర్చు ఇవ్వండి. ఈ కొద్ది వేలు చేతిలో లేక పరీక్షే రాయని పిల్లలున్నారు. సీటు వచ్చాక హాస్టల్ ఖర్చుకు ఏడాదికేడాది మార్కులు, పని చూసి సాయం కొనసాగించవచ్చు.

ఈ ఏడాది దరఖాస్తుల పరిశీలన మొదలయ్యేలోగా మన పరిధిలోని ఉన్నత పాఠశాలలకు ఒక కాగితం పంపితే బాగుంటుంది. సౌండ్ రికార్డింగ్ మీద ఆసక్తి ఉన్న పిల్లలు ఇంటర్‌లో ఫిజిక్స్ ఉన్న గ్రూపు తీసుకోవాలని అందులో రెండు వాక్యాలు ఉంటే చాలు. దానికయ్యే ఖర్చు జిరాక్స్ డబ్బులే.